ఎర్రొర్రె పెద్దకప్ప వారసులు

రోహిణి కార్తె, దిగిన రోజు

ఎర్రొర్రెలో దిగాను. ఒర్రె అంటే వాగు. వాగు ఉంది, ఎర్రగానే ఉంది. నీళ్ళు లేవు.

నా ఉద్యోగం శిలాజాలు శుభ్రం చేయడం. కాగితం మీద శిలాజ శుద్ధి సహాయకురాలు మాణిక్యం. ఇక్కడివాళ్ళు నేను సంచీ కింద పెట్టేలోపే బొక్కల మేడం అని పేరు పెట్టేశారు. ఈ వైపు ఎముకని బొక్క అంటారు. ఇంతకు ముందు ఊళ్ళో నన్ను పుర్రెలమ్మ అనేవాళ్ళు కాబట్టి దీన్ని ప్రమోషన్ కిందే లెక్కేసుకున్నాను.

సర్పంచి దుర్గం పోశక్క నాకు ఊరి బడిలో చోటిచ్చింది. బడికి పైకప్పు సగమే ఉంది. ఆ సగం కింద నేను శుభ్రం చేయాల్సిన పుర్రెని పెట్టారు, మిగతా సగంలో నా మంచం వేశారు. "పుర్రె పాతది గద మేడం, ఎండల పెడితే పగుల్తదేమోనని," అంది పోశక్క. నేను పగిలే సంగతి ఆమె ఆలోచించినట్టు లేదు.

పుర్రెని కనిపెట్టింది సిడాం భీంరావు. ఊళ్ళో ట్యాంకరు నీళ్ళు పంచే మనిషి. మరుగుదొడ్డికి గుంత తవ్వుతుంటే గడ్డపారకి తగిలింది. మట్టి తుడిస్తే పళ్ళు కనిపించాయి. రాక్షసబల్లి అనుకున్నాడు. సంతోషం పట్టలేక దాన్ని తలకెత్తుకుని, దారిలో ఎవరినీ అడక్కుండా, తిన్నగా మున్సబు దగ్గరికి పట్టుకుపోయాడు.

మున్సబు అంటే వెనకటి రోజుల్లో కోర్టు జడ్జి. ఇప్పుడు ప్రతి ఊరి నడుమా నిలబడి ఉండే స్తంభం. దానికి పైన ఒక కన్ను, ఒక చెవి, ఒక నోరు, నెత్తిన ఎండపలక. తీర్పులు చెప్పే పని మనుషుల దగ్గర్నుంచి దానికి మారి చాలాకాలమైంది. దాని చేతిలో ఇప్పుడున్న చట్టం ఒకటే. ఏ నేలలో దొరికిన అతి పాత పెద్ద జంతువు ఎలా బతికిందో, ఆ నేల తిరిగి అలా కావాలి. భూమిని పాడు చేశాం, మళ్ళీ మొదటి స్థితికి తెస్తాం అని మనుషులే రాసుకున్న చట్టం. అమలు మాత్రం స్తంభానికి అప్పజెప్పారు, తమ మీద తమకి నమ్మకం లేక.

పక్కనున్న గుండారంలో నిజంగానే రాక్షసబల్లి తొడ ఎముక దొరికింది. అది నేల మీద తిరిగే జంతువు కాబట్టి ఊరు నిలిచింది. దానికి మేతగా పెంచాల్సిన అడవి కింద ముప్పాతిక పొలం పోయింది గానీ, అయినా వాళ్ళు డప్పులు కొట్టి ఊరేగారు. అవతల పెసరగూడెంలో చేప దొరికింది. ఇప్పుడు పెసరగూడెం ఒక చెరువు. మనుషులు ఎటుపోయారో చెప్పేవాళ్ళు లేరు.

భీంరావు తెచ్చింది రాక్షసబల్లి కాదు. నాకు చూడగానే అర్థమైంది. తల రొట్టెల పెనంలా చదునుగా ఉంది, కళ్ళ గుంటలు రెండూ ఆకాశంకేసి తెరుచుకున్నాయి. పాతకాలపు ఉభయచరం. కప్పల వంశంలో తాతలకి తాత. బతికున్నప్పుడు నిలువునా మనిషిని మించిన పొడవు ఉండేది. నీళ్ళలోనూ నేల మీదా అని పుస్తకంలో రాసుకోవచ్చు గానీ మున్సబు దగ్గర రెండూ చెల్లవు. ఏదో ఒకటి చెప్పాలి. నేల అంటే ఊరు ఉంటుంది. నీళ్ళు అంటే మునుగుతుంది.

చెప్పాల్సింది నేను.

రోహిణి కార్తె, చివరి రోజులు

పొద్దున సూదీ కుంచే పట్టుకుని కూర్చుంటే ఎండ మంచం దాటేదాకా పని. తర్వాత ట్యాంకరు దగ్గర వరస. మనిషికి రెండు బిందెలు. నా రెండు బిందెల్లో ఒక చెంబు పుర్రెకి పోతుంది. ఆ సంగతి తెలిసి పోశక్క నన్ను తిట్టింది. "సచ్చినదానికి తానం, బతికినదానివి నువ్వు మురికితోని," అని. తిట్టిన సాయంత్రమే వాళ్ళింట్లోంచి ఇంకో చెంబు పంపించింది. జొన్నరొట్టె, పచ్చి పులుసు కూడా. ఈ ఊళ్ళో తిట్టు ముందూ తిండి వెనకా వస్తాయని తెలిసింది.

ఇవాళ పుర్రె నుదుటి మీది మట్టి పెళ్ళ ఊడింది. కింద గాడులున్నాయి. కళ్ళ చుట్టూ తిరిగి మూతి దాకా పోయే సన్నటి గాడులు. సూది పక్కన పెట్టేశాను. చేపలకి ఒంటి పక్కన ఇలాంటి గీతే ఉంటుంది, నీళ్ళ కదలిక దాంతోనే తెలుస్తుంది. నేల మీద తిరిగేదానికి దాంతో పని లేదు. ఈ పెద్దకప్ప పెద్దదయ్యాక కూడా నీళ్ళలోనే బతికింది. అనుమానానికి చోటు లేదు.

గుంతలో ఇంకా ఎముకలున్నాయి, ఒకదాని మీద ఒకటి, కుప్పగా. భీంరావు గడ్డపార పట్టుకుని గట్టున నిలబడి చూస్తూ, "గిన్ని ఒక్క తావునే ఎందుకు పడ్డయి మేడం?" అని అడిగాడు. మడుగు ఎండిపోతూ ఉంటే మిగిలిన కాస్త బురదలోకి అన్నీ చేరి ఉంటాయి, ఆ బురద కూడా ఎండిపోయి ఉంటుంది అని చెప్పాను. "మా తీరుగనే," అని గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గాడుల సంగతి పోశక్కకి చెప్పేశాను. దాచి లాభం లేదు. ఆమె పుర్రె చుట్టూ ఒకసారి తిరిగి, బయటికి పోయి, ఒక డబ్బాతో వచ్చింది.

"లప్పం," అంది. "బడి గోడలకు తెచ్చినం. గోడలు లేకపాయె, గిది మిగిలింది. గా సందులల్ల పెట్టి రుద్దితే ఎవ్వనికి ఎరుక?"

"మున్సబుకి తెలీదు పోశక్కా. నేను చెప్పిందే దానికి లెక్క."

"మరింకేంది?"

"నాకు చేతులు రావు."

ఆమె నా చేతులకేసి చూసింది, నిజంగానే ఏదో రోగం ఉందేమో అన్నట్టు. "ఇను మేడం. మా మొదటి ఊరు బొగ్గుబాయికి పోయింది. రెండోది బరాజు కింద పోయింది. గిది మూడోది. గీడ మట్టి గోడ పెట్టేటప్పుడు మా అత్త ఏమన్నదో ఎరుకనా? ఇగ లేవద్దు బిడ్డా, నన్ను గీడ్నే పండబెట్టుండ్రి అన్నది. పండబెట్టినం. ఇప్పుడు నీ కప్ప కోసం ఆమెను నీళ్ళల్ల ముంచాల్నా?"

ఇరవై రెండు కోట్ల ఏళ్ళు మట్టి చెరపకుండా దాచిపెట్టిన గీతల్ని ఒక డబ్బా లప్పంతో పూడ్చడం నా వల్ల కాదు. అది గొప్పతనం కాదు. నాకు వేరే పనేదీ రాదు, వచ్చిన ఒక్క పనీ చెడగొట్టుకుంటే నాకు నేను మిగలను, అంతే. ఇలా పోశక్కకి చెప్పుంటే బాగుండేది. చెప్పలేదు. ఆమె డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళింది. ఈ పూట రొట్టె రాలేదు.

మృగశిర కార్తె, మొదటి రోజులు

వీళ్ళు మిరుగు అంటారు. మిరుగుకి వాన రావాలని వీళ్ళ నమ్మకం. వానకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

నివేదిక ఇచ్చాను. పుర్రెని ముందు పెట్టుకుని స్తంభం ముందు నిలబడి చదివాను. ఊరంతా వచ్చింది. నాతో ఎవరూ మాట్లాడలేదు. ముసలి మల్లుబాయి ఒక్కతి, "నిలవడి సదువుతవేంది, కాళ్ళు గుంజుతయ్ కూసో," అంది.

మున్సబు గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. రైల్వే స్టేషన్లో వినిపించే గొంతు.

"నివేదిక స్వీకరించబడింది. మొదటి నివాసి నీటివాసి. గ్రామమునకు మునక ప్రతిపాదించబడుతున్నది. అయితే మొదటి నివాసికి వారసులు గ్రామములో ఉన్నచో, వారి మేలు ముందుగా విచారించవలెను."

పోశక్క చీరె చెంగు బిగించి ముందుకొచ్చింది. "వారసులు ఎవ్వరో కాదు, మేమే. గీ నేల మీద పుట్టినోళ్ళం."

"కాదు. మీరు వేరే శాఖ. వారసులు కప్పలు."

"కప్పలా?"

"కప్పలు."

పోశక్క నాకేసి తిరిగింది. నేను తల ఊపాను. ఈ పాతజాతి లోంచే కప్పలు వచ్చాయని చాలామంది మాట, కాదనేవాళ్ళూ ఉన్నారు. మున్సబు చాలామంది మాట తీసుకుంది. ఈలోగా ఇంటింటివాళ్ళూ మునక మీద తమ అభిప్రాయాన్ని మాటతో గానీ చేతతో గానీ తెలుపుకోవచ్చని కూడా చెప్పింది. ఆ ముక్క ఎవరూ చెవిన పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

వారసులెక్కడున్నారో వెతికే పని నాకూ భీంరావుకీ పడింది. ఒర్రెలో లేవు, పొలాల్లో లేవు. వానే లేని చోట కప్పలెలా ఉంటాయి? చివరికి ఇళ్ళల్లో దొరికాయి. రంజను కుండ కింద చెమ్మలో ఒకటి, స్నానం చేసే బండ పక్క బురదలో రెండు, ట్యాంకరు కారే చోట ఇంకొకటి. ఊళ్ళో ఉన్న కప్పలన్నీ మనుషులు ఒలకబోసిన నీళ్ళ మీదే బతుకుతున్నాయి. అన్నిట్లోకీ పెద్దది మల్లుబాయి రంజను కింద ఉంది, పిడికిలంత బోదురుకప్ప. "గిది నా మొగుడు పోయిన ఏడు వచ్చింది. ఎల్లగొట్టబుద్ధి గాలే," అంది మల్లుబాయి.

సాయంత్రం పోశక్క బడికి వచ్చింది. రొట్టెతోనే వచ్చింది. గోడకి ఆనుకుని కూర్చుని పుర్రెని చూస్తూ అడిగింది.

"మేడం, ఇవి నీళ్ళల్ల బతికేటియైతే కాళ్ళెందుకు వచ్చినయి? బయటికి నడిశి పోదామని వచ్చినయా?"

"అందరూ అలాగే అనుకునేవాళ్ళు. వీటికన్నా ముందు కాలంవి, ఇంకా పాతవి దొరికాయి. కాళ్ళున్నాయి, ఒక్కో కాలికి ఎనిమిది వేళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఆ కాళ్ళు ఒంటి బరువు మొయ్యలేవు. నీళ్ళల్లో నాచు పక్కకి తోసుకోవడానికి పనికొచ్చేవి. కాళ్ళు వచ్చింది నీళ్ళలోనే. బయటికి రావడం చాలా తర్వాత."

ఆమె ఆలోచించింది. "అంటే ముందుగాల కాళ్ళు వచ్చినయి, పోవుడు ఎన్క యాదికొచ్చింది."

"అలాగే."

"మాకు ఉల్టా. పోవుడు ముందుగాల వచ్చింది. కాళ్ళు ఇంక రాలే."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి కూడా. అప్పుడు చెప్పాను, లప్పం ఎందుకు పెట్టలేకపోయానో. ఆమె విని ఇంకో రొట్టె వేసింది.

మృగశిర కార్తె, ముగిసే ముందు

వాన రాలేదు. అందరి పొలాలూ మాడిపోయాయి. మల్లుబాయి కప్పతల్లి తీద్దామంది.

నేను వినడమే గానీ చూడలేదు. రోకలి నడుమ తడిబట్టలో కప్పని కట్టి, చుట్టూ వేపమండలు చెక్కి, ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా భుజాన పెట్టుకుంటారు. పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ముందూ ఆగితే ఇంటామె చెంబుతో నీళ్ళు తెచ్చి కప్ప మీద పోస్తుంది, దోసెడు గింజలేస్తుంది. కప్ప మీద నీళ్ళు చూసి మబ్బుకి మనసు కరుగుతుందని. వానలేని ప్రతి ఏడూ చేస్తారు. మనసు కరిగిన ఏడు ఏదని అడిగితే ఎవరూ ఠక్కున చెప్పలేకపోయారు. కానీ చేస్తున్నంతసేపూ అందరి మొహాలూ తేటగా ఉన్నాయి. ఈ ఊళ్ళో ఇంతమంది నవ్వులు విన్నది ఇవాళే.

రోకలి మీద ఎక్కింది మల్లుబాయి బోదురుకప్ప. ఇంకేది దొరుకుతుంది? పెద్దమనిషిలా కళ్ళు మూసుకుని కూర్చుంది. ఊరేగింపు బడి ముందు కూడా ఆగింది. నేను గడప లోపల నిలబడ్డాను, మనకెందుకులే అని. "బొక్కల మేడం, నీకు ఇల్లు లేదా ఏంది, నీళ్ళు పొయ్యి," అన్నారు. చెంబు తెచ్చి పోశాను. మల్లుబాయి నా బుగ్గన చెయ్యి పెట్టి ముద్దు పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, కడుపు నిండినట్టయింది.

మర్నాడు పొద్దున్నే స్తంభం మాట్లాడింది.

"వారసుడి సమక్షములో గ్రామములోని ప్రతి గృహమూ నీటిని సమర్పించినది. చేత ద్వారా అభిప్రాయము తెలిసినది. మునకకు సమ్మతి ఏకగ్రీవము."

తర్వాత ఇంటి పేర్లన్నీ చదివింది. చివర్న, "బడి. నివాసి మాణిక్యం. నీరు, ఒక చెంబు. సమ్మతి."

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి, నేను ఈ ఊరిదాన్ని కాదు, పనిమీద వచ్చానని అరిచాను. మున్సబు శాంతంగా చెప్పింది, ఒక కార్తె దాటి ఉన్నవాళ్ళంతా నివాసులేనట. లప్పం ముట్టనిదాన్ని, చెంబెడు నీళ్ళతో సంతకం పెట్టేశాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆరుద్ర కార్తె, మొదట్లో

పోశక్క రెండు రోజులు స్తంభం ముందు నుంచి కదల్లేదు. గొడుగేసుకుని, పీటేసుకుని, దాంతో కొట్లాడింది.

"గది వాన కోసం చేసేది! మీ చెరువు కోసం కాదు!"

"చేత స్పష్టముగా ఉన్నది."

"మా అవ్వ చేసింది, మా అవ్వోళ్ళ అవ్వ చేసింది. ఆళ్ళందరు మునుగుతమన్నరా? నీకు కన్ను పెట్టిండ్రు గని బుద్ధి పెట్టుడు మర్శిండ్రు."

"విమర్శ నమోదైనది."

చివరికి అది ఒక్క మెట్టు దిగింది. సమ్మతి చెల్లుతుంది, కానీ వారసుడి మాట అంతకన్నా పెద్దది. వారసుణ్ణే అడుగుదాం అంది. ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క నమూనాగా ఒక చెరువు. నడుమ వారసుణ్ణి వదలాలి. ఇళ్ళకేసి పోతే నేల. చెరువులోకి పోతే నీళ్ళు. తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, పిలవకూడదు, నీళ్ళు పోయకూడదు. ఒక్కరు జోక్యం చేసుకున్నా ఊరు ఓడినట్టే. వారసుడు చనిపోతే మొదటి నివాసి లెక్కే మిగులుతుంది, అంటే మునకే.

నమూనా చెరువుకి ప్రభుత్వం ట్యాంకర్ల మీద ట్యాంకర్లు నీళ్ళు పంపింది. ఊళ్ళోవాళ్ళు పనులు మానుకుని గట్టు మీద కూర్చుని ఆ నీళ్ళు చూశారు. భీంరావు లెక్క కట్టబోయి మధ్యలో మానేశాడు. నాలుగు రోజులుగా అతను అన్నం సరిగ్గా తినడం లేదు. "ఆ పుర్రెను మల్ల బొంద పెట్టి మూసేస్తే అయిపోవు గద మేడం. తలకెత్తుకుని పోయిన. రాక్షసబల్లి అనుకుంటి, ఊరు నిలవడ్డదనుకుంటి," అన్నాడు. అతని పక్కన కూర్చున్నాను.

ఆరుద్ర కార్తె, విచారణ రోజు

విచారణ మిట్టమధ్యాహ్నం పెట్టారు. మున్సబుకి ఎండంటే తిండి, అప్పుడే దానికి బుర్ర బాగా పనిచేస్తుందట.

మల్లుబాయి తన కప్పని రెండు చేతుల్లో తెచ్చి నడుమ గీసిన గీత మీద పెట్టి వెనక్కి వచ్చింది. ఊరంతా ఎండలో నిలబడింది. కప్ప కూర్చుంది.

కూర్చునే ఉంది. ఇళ్ళకేసి చూడలేదు, చెరువుకేసి చూడలేదు. గొంతు కింద చర్మం మాత్రం ఎగురుతోంది. భీంరావు పెదాలు కదుపుతున్నాడు, నడువు తల్లీ, ఇంటి దిక్కు నడువు అని, గొంతు రాకుండా. కాసేపటికి కప్ప తిరిగింది. చెరువు వైపు. రెండడుగులు పాకి ఆగిపోయింది.

అప్పుడు దాని వీపు చూశాను. మెరుపు పోయింది. కప్ప తాగేది చర్మంతోనే, ఊపిరిలో సగం చర్మంతోనే. ఆ వీపు తడారితే అది ఎటూ పోలేదు. చెరువుకీ కాదు, ఇంటికీ కాదు. నేను పోశక్క చెవిలో ఆ ముక్క చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

"ఎంతసేపు బతుకుతది?"

"ఎక్కువ సేపు కాదు."

ఆమె చుట్టూ చూసింది. ఎవరో దాహానికి తెచ్చుకున్న చెంబు నేల మీద ఉంది. దాన్ని తీసుకుంది.

"వద్దు పోశక్కా," అన్నాను. చెయ్యి పట్టుకున్నాను కూడా. "పోస్తే ఊరు పోతుంది."

"పోయకపోయినా పోతది గద. పోతే పోనీ, గిట్ల నా కండ్ల ముందట ఎండి సావొద్దు. గా గుంతల బొక్కలు చూసిన నేను. ఒకదాని మీద ఒకటి పడి." ఆమె చెయ్యి లాక్కోబోయింది. "రెండుసార్లు లేచినోళ్ళం. మూడోసారి లేస్తం. ఇడువు."

వదిలేశాను. ఆమె నడిచి వెళ్ళి కప్ప మీద చెంబెడు నీళ్ళూ పోసింది. నిదానంగా, పసిపిల్లకి తల మీద పోసినట్టు.

మల్లుబాయి ఇంటికి పోయి తన చెంబు తెచ్చి పోసింది. తర్వాత భీంరావు. ఊరు ఎలాగూ పోయిందని అందరికీ తెలుసు, ఇక దేనికీ భయం లేదు. ఒక్కొక్కరే ఇళ్ళలోకి పోయారు, చెంబులతో వచ్చారు, ఇవాళ్టి వాటా నీళ్ళు తెచ్చి పోశారు. కప్ప చుట్టూ నేల ఎర్రటి బురదయింది. నేను కూడా బడికి పోయి బిందె తెచ్చి పోశాను. ఏడుస్తూనే పోశాను. కప్ప ఆ బురదలో వెనక కాళ్ళు ఆడించుకుంటూ కిందికి దిగి, కళ్ళు మాత్రం పైన పెట్టుకుని, స్థిరపడింది.

మున్సబు మొదలుపెట్టింది.

"జోక్యము నమోదైనది. జోక్యము చేసుకున్నవారు." ఇంటి పేర్లన్నీ చదివింది, బడితో సహా. "జోక్యము చేసుకోనివారు. ఎవరూ లేరు."

కన్ను బురదకేసి తిప్పింది.

"ఒకరు నీరు పోసిన అది జోక్యము. గ్రామములోని అన్ని గృహముల నుండి, ఎవరి లాభమునకూ కాక, పైనుండి వారసుడి మీద పడిన నీటికి నా నిర్వచనములలో వేరే పేరున్నది. వర్షము. వర్షము కురిసినది. వర్షము కురిసినప్పుడు వారసుడు చెరువులోనికి పోలేదు, నేలలోనే నిలిచెను. కావున ఇది నేల. గ్రామము ఉండవచ్చును."

అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. భీంరావు నేల మీద కూలబడ్డాడు. పోశక్క ఖాళీ చెంబు పట్టుకుని స్తంభాన్నే చూస్తూ నిలబడింది. "గిది వానా?" అంది. "వర్షము," అంది మున్సబు.

పునర్వసు కార్తె

నమూనా చెరువు నీళ్ళు తోడుకుపోయారు. విచారణ సామగ్రి కాబట్టి తిరిగి అప్పజెప్పాలట.

ఊరికొచ్చే ట్యాంకరు కూడా ఆగింది. వర్షం కురిసిన ఊళ్ళకి ట్యాంకరు లేదు. పోశక్క, భీంరావు వెళ్ళి గొడవ పడ్డారు. ఆకాశం చూపించారు, అందులో మబ్బు ముక్క లేదు. మున్సబు ఆకాశాన్ని పరిశీలించింది, రికార్డుని పరిశీలించింది, రెండింటికీ తేడా వస్తే రికార్డే ప్రమాణమని చెప్పింది. ఇంకో షరతు కూడా చెప్పింది. కార్తె కార్తెకీ పునఃపరిశీలన ఉంటుంది, అప్పటిలా అన్ని ఇళ్ళ నుంచీ వర్షం పడుతుండాలి. ఒక్క ఇల్లు తప్పినా అది వర్షం కాదు, మళ్ళీ జోక్యమే.

కాబట్టి ఊరంతా తెల్లారకముందే లేచి ప్రాణహిత దాకా నడుస్తోంది. నది సన్నగా ఉంది గానీ ఉంది. బిందెలు తెచ్చుకుంటాం. రాగానే ముందు తలో చెంబు మల్లుబాయి వాకిట్లో కప్ప మీద పోస్తాం, మిగిలింది తాగుతాం. కప్పలు పెరిగాయి. గుంతని మళ్ళీ పూడ్చేశారు, మరుగుదొడ్డి వేరే చోట కట్టారు. పోశక్క ఒక్కసారి కూడా అలిసిపోయానని అనదు. దారి పొడుగునా మున్సబుని తిడుతుంది, నడక తెలియడం లేదు.

ఇవాళ నాకు ఉత్తర్వు వచ్చింది. వేరే ఊళ్ళో దవడ ఎముక దొరికిందట, వెంటనే బయల్దేరి రమ్మన్నారు. సంచీ సర్దడం మొదలుపెట్టాను. పోశక్క గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలేదు. అడగదు కూడా, అడిగితే నేను ఆగుతానని ఆమెకి తెలుసు, అందుకే. నేను పోతే బడి చెంబు తప్పుతుంది. అన్ని ఇళ్ళూ అన్న మాట తప్పుతుంది.

సంచీ విప్పేసి జవాబు రాశాను. ఎర్రొర్రెలో వర్షాల వల్ల దారులు తెగిపోయాయి, బయటికి రావడం వీలు కాదు.

పై ఆఫీసు నమ్మలేదు, స్తంభాన్ని అడిగింది. మున్సబు రికార్డు చూసి నిజమేనని ధ్రువీకరించింది. ఎండ మండిపోతోంది. రెండో విడత నీళ్ళకి పోశక్క నా బిందె కూడా తనే తీసుకుని అప్పటికే ఒర్రె దాటింది, చెప్పులేసుకుని వెనకాల పరిగెత్తాను.